తెలుగు మాటను ముక్కలు చేయుట: ఒక చిన్న లైబ్రరీపై విమర్శ

చోడవరము, రావికమతము ప్రాంతములలో చెఱకు నాటు రైతు గడను ముచ్చెలుగా నరుకునపుడు కొలబద్దను చూడడు, కన్నులను చూచును. ప్రతి ముచ్చెకును మొలకెత్తగల కన్ను ఉండవలెను. ముక్కలన్నియు సమానమైన పొడవు గలవియైనను, కన్ను లేని ముక్క నేలలో కుళ్ళును గాని మొలవదు. కంప్యూటరులో వ్రాతను ముక్కలు చేయుటయు ఇట్టిదే. ఎన్ని ముక్కలు చేసితిమి, ఎంత వేగముగా చేసితిమి అనునవి రెండవ ప్రశ్నలు. ముక్క యెక్కడ తెగవలెను అనునదే మొదటి ప్రశ్న. ఈ ప్రశ్నకు ప్రోగ్రాములు వ్రాయువారు నిత్యము వాడుకొను పనిముట్లు ఏమి సమాధానము చెప్పుచున్నవో, ఆ సమాధానము తెలుగునకు ఎంతవరకు సరిపోవునో పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

ముందుగా రెండు మాటల అర్థము తెలిసికొందము. కంప్యూటరులో వరుసగా నిలువ చేయబడిన వ్రాత గుర్తుల దండకు స్ట్రింగు అని పేరు. ఒక పేరు, ఒక వాక్యము, ఒక పుస్తకము మొత్తము కూడ స్ట్రింగు కావచ్చును. ఇతరులు వ్రాసి ఉంచిన చిన్న చిన్న ఆజ్ఞల సంపుటికి లైబ్రరీ అని పేరు. 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్ట్ భాషకు ఇట్టి లైబ్రరీలు లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. వానిలో స్ట్రింగుల పనికై ప్రత్యేకముగా వచ్చిన చిన్న లైబ్రరీ అండర్‌స్కోర్ స్ట్రింగ్. ఇది 2009లో వెలువడిన అండర్‌స్కోర్ అను లైబ్రరీకి అనుబంధముగా పుట్టినది. 2012లో వచ్చిన లోడాష్ దీనికంటె పెద్దది, మిక్కిలి ప్రచారము పొందినది. ఇచట మొదటిదానిని ప్రధానముగాను, రెండవదానిని పోల్చి చూచుటకును తీసికొనుచున్నాను.

గుణములు

విమర్శ యనగా దోషములు ఏరుట కాదు. కావున ముందు గుణములు చెప్పవలెను. జావాస్క్రిప్ట్‌లో ముక్కలు చేయుటకు స్ప్లిట్ అను ఆజ్ఞ భాషలోనే కలదు. ఐతే విడదీయవలసిన చోట స్ట్రింగునకు బదులు శూన్యము ఉన్నయెడల ప్రోగ్రాము అక్కడనే ఆగిపోవును. అండర్‌స్కోర్ స్ట్రింగ్‌లోని వర్డ్స్, లైన్స్, చార్స్ అను ఆజ్ఞలు ఇట్టి సమయమున తొట్రుపడక ఖాళీ జాబితాను ఇచ్చును. పంక్తులను విడదీయు లైన్స్ ఆజ్ఞ విండోస్‌లో వ్రాసిన ఫైలునైనను, లైనక్స్‌లో వ్రాసిన ఫైలునైనను సమానముగా చూచును. వర్డ్స్ ఆజ్ఞ మాటల నడుమ ఒక ఖాళీ ఉన్నను, పది ఖాళీలున్నను ఒకే విధముగా విడదీయును. మొదటను చివరను మిగిలిన ఖాళీలను తుడిచివేయును. విద్యార్థుల పేర్ల పట్టికను సరిచేయు ఉపాధ్యాయునకు ఇది చిన్న సహాయము కాదు.

విభాజక చిహ్నము స్పష్టముగా ఉన్నప్పుడు, అనగా కామా, గీత, ఖాళీ వంటి గుర్తు మాటల మధ్య ఉన్నప్పుడు, తెలుగునకును ఇంగ్లీషునకును భేదము లేదు. "రావికమతం,మేడివాడ,కొత్తకోట" అను స్ట్రింగును కామా వద్ద విడదీసినచో మూడు గ్రామముల పేర్లును చక్కగా వచ్చును. ఐనను ఇచట రెండు జాగ్రత్తలు అవసరము. కామా తరువాత ఖాళీ విడిచి వ్రాసినచో ఆ ఖాళీ మేడివాడకు ముందు అంటుకొని వచ్చును. మన కంటికి కనపడని ఆ ఖాళీ వలన రెండు మేడివాడలు వేరువేరు ఊళ్ళని యంత్రము తలచును. రెండవది పరిమితి. స్ప్లిట్ ఆజ్ఞకు ఎన్ని ముక్కలు కావలెనో చెప్పవచ్చును. "అనకాపల్లి-రావికమతం-మేడివాడ" అను స్ట్రింగును గీత వద్ద విడదీసి రెండు ముక్కలు చాలునన్నచో అనకాపల్లి, రావికమతం వచ్చును. మేడివాడ రెండవ ముక్కలో చేరి ఉండునని కొందరు అనుకొందురు. అది చేరదు, పూర్తిగా పోవును. జిల్లా ఉండును, మండలము ఉండును, గ్రామము మాయమగును. లోడాష్‌లోని స్ప్లిట్ కూడ ఈ అలవాటునే అనుసరించును.

ఎనిమిది ముక్కల రావికమతం

అసలు చిక్కు విభాజక చిహ్నము లేనప్పుడు, అనగా మాటను అక్షరములుగా విడదీయవలసి వచ్చినపుడు బయలుపడును. "రావికమతం" అను పేరులో ఎన్ని అక్షరములు కలవని ఒకటవ తరగతి బాలుని అడిగినను రా, వి, క, మ, తం అని వ్రేళ్ళు మడచి ఐదనును. అండర్‌స్కోర్ స్ట్రింగ్‌లోని చార్స్ ఆజ్ఞను అడిగినచో ఎనిమిదనును.

దీనికి కారణము వ్రాత నిలువ చేయు పద్ధతిలో ఉన్నది. ప్రపంచములోని లిపులన్నింటికిని సంఖ్యలు కేటాయించు యూనికోడ్ ప్రమాణము 1991లో వెలువడినది. అందులో తెలుగునకు 3072 నుండి 3199 వరకు గల సంఖ్యలు ఇవ్వబడినవి. ఐతే ప్రతి గుణింతమునకు ఒక సంఖ్య ఇవ్వలేదు. హల్లులకు, అచ్చులకు, తలకట్టు కాక మిగిలిన గుణింతపు గుర్తులకు, సున్నకు, పొల్లునకు వేరువేరు సంఖ్యలు ఇచ్చిరి. ఇది సహేతుకమైన ఏర్పాటే. లేనియెడల గుణింతములకును ఒత్తులకును కలిపి వేలకొలది సంఖ్యలు కావలసి వచ్చెడివి. ఈ పద్ధతిలో మన గ్రామము పేరు 3120, 3134, 3125, 3135, 3093, 3118, 3108, 3074 అను ఎనిమిది సంఖ్యల వరుస. ఇందు 3120 అనునది ర, 3134 దీర్ఘము, 3125 వ, 3135 గుడి, చివరి 3074 సున్న. చార్స్ ఆజ్ఞ ఈ సంఖ్యలను ఒక్కొక్కటిగా విడదీసి, ప్రతిదానిని ఒక అక్షరమని మన చేతికి ఇచ్చును. దీర్ఘము ఒక ముక్క, గుడి ఒక ముక్క, సున్న ఒక ముక్క.

ఇదే లైబ్రరీలో సమానమైన పొడవు గల ముక్కలు చేయుటకు చాప్ అను ఆజ్ఞ కలదు. రావికమతమును మూడేసి చొప్పున నరుకుమన్నచో మొదటి ముక్క "రావ", మూడవ ముక్క "తం". రెండవ ముక్కలో మొదట హల్లు లేని గుడి, పిదప క, మ. ఆధారము లేని ఆ గుడిని తెరపై చూపవలసి వచ్చినపుడు కంప్యూటరు సాధారణముగా దాని క్రింద చుక్కల వలయమొకటి వేసి చూపును. అది కన్ను లేని ముచ్చె.

వికటకవి పరీక్ష

తెనాలి రామకృష్ణునికి బిరుదుగా జనులు చెప్పుకొను "వికటకవి" అను మాట ఎటునుండి చదివినను ఒకటియే అని తెలుగు పిల్లలందరును ఎరుగుదురు. ప్రోగ్రాము వ్రాయుట నేర్చు విద్యార్థులకు మొదటి దినములలో ఇచ్చు అభ్యాసములలో ఇట్టి మాటలను కనిపెట్టుట ఒకటి. స్ట్రింగును ముక్కలు చేసి, వరుసను త్రిప్పి, మరల అతికి, మొదటిదానితో పోల్చవలెను. అండర్‌స్కోర్ స్ట్రింగ్‌లోని రివర్స్ ఆజ్ఞ చేయు పని ఇదే.

ఇప్పుడు విద్యార్థి "జలజ" అను మాటతో పరీక్షించినచో ఫలితము సరిగా వచ్చును. "నటన"తోను సరిగానే వచ్చును. ప్రోగ్రాము సిద్ధమైనదని అతడు సంతోషించును. తరువాత "వికటకవి" ఇచ్చినచో, ఇది అటునుండి ఇటు చదువుటకు రాని మాట యని యంత్రము తీర్పు చెప్పును. ఏలయనగా దాని లెక్కలో ఈ మాట వ, గుడి, క, ట, క, వ, గుడి అను ఏడు ముక్కలు. త్రిప్పినపుడు చివరి గుడి అన్నిటికంటె ముందునకు వచ్చి ఆధారము లేక నిలుచును. మొదటి గుడి పోయి క మీద కూర్చుండును. "రావికమతం" త్రిప్పినచో "తంమకవిరా" రావలసి ఉండగా, మొదట ఒంటరి సున్న, దాని వెనుక త, మ, కి, వా, ర వచ్చును. ర కుండిన దీర్ఘము వకును, వ కుండిన గుడి కకును చేరినవి. ఒకరి ఆస్తి ఇంకొకరికి పోయినది.

ఇందులో విజ్ఞానశాస్త్ర బోధకులు గ్రహింపదగిన విషయము కలదు. జలజ, నటన అను మాటలలో తలకట్టు తప్ప వేరు గుణింతము లేదు. అందుచేత అచట తప్పు బయటపడుటకు అవకాశమే లేదు. సులభమైన ఉదాహరణములతో మాత్రమే చేసిన పరీక్ష పరీక్ష కాదు. నీటి మరుగు స్థానమును సముద్రమట్టమున మాత్రమే కొలిచి, అది అన్నిచోట్ల 100 డిగ్రీలే యని చెప్పుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఇంగ్లీషు మాటలతో మాత్రమే పరీక్షింపబడిన లైబ్రరీ ప్రపంచమంతటికి పనికివచ్చునని చెప్పుటయు ఈ కోవలోనిదే.

పెద్దక్షరములు లేని లిపి

ఇంకొక ఉదాహరణము చూతము. పొడవైన వాక్యమును కురుచ చేయునపుడు మాట నడుమ తెగకుండ చూచుటకు ఈ లైబ్రరీలో ప్రూన్ అను ఆజ్ఞ కలదు. ఉద్దేశము మెచ్చదగినది. ఐతే ఒక గుర్తు అక్షరమా, కాదా అని ఈ ఆజ్ఞ తెలిసికొను ఉపాయమును గమనింపుడు. ఆ గుర్తునకు పెద్ద రూపమును చిన్న రూపమును వేరుగా ఉన్నవా యని చూచును. ఇంగ్లీషులో ప్రతి అక్షరమునకును ఈ రెండు రూపములు కలవు గనుక అక్షరమని నిర్ణయించును. కామాకు రెండు రూపములు లేవు గనుక అక్షరము కాదని వదలును. తెలుగులో పెద్దక్షరములు, చిన్నక్షరములు అను భేదమే లేదు. కావున క మొదలు ఱ వరకు గల మన అక్షరములన్నియు దాని కంటికి కామాతోను, ఖాళీతోను సమానము. ఇది తెలుగునకు మాత్రమే జరిగిన అన్యాయము కాదు. హిందీ, తమిళము, అరబ్బీ, చైనా లిపులకును ఇదే గతి. ఒక లిపికి సహజమైన లక్షణమును అక్షరత్వమునకే లక్షణముగా పొరబడుట ఇందలి దోషము.

లోడాష్ చూపిన శ్రద్ధ, చూపని శ్రద్ధ

లోడాష్ ఈ విషయమున మరింత జాగ్రత్త పడినది. అది మాటను అక్షరములుగా విడదీయునపుడు, విడిగా వచ్చి అక్షరము మీద కూర్చుండు గుర్తులు కొన్ని ఉండునని ఎరుగును. ఫ్రెంచి మాటలలో ఈ అక్షరముపై గీత విడిగా నిలువ చేయబడి ఉన్నచో దానిని అక్షరముతోనే ఉంచును. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు గల కుటుంబపు బొమ్మ లోపల అనేక సంఖ్యల అతుకు. దానిని కూడ విరువక ఒకే ముక్కగా ఇచ్చును. కాని "రా" అను అక్షరమును మాత్రము రెండుగా విరుచును. అది గుర్తించు సంయోజక చిహ్నముల జాబితాలో 768 నుండి 879 వరకు గల సంఖ్యలు, మరి రెండు చిన్న వరుసలు మాత్రమే ఉన్నవి. 3134 సంఖ్య గల మన దీర్ఘము ఆ జాబితాలో లేదు. నవ్వు బొమ్మకు దక్కిన మర్యాద తెలుగు గుణింతమునకు దక్కలేదు. అక్షరముతో అంటియుండు గుర్తులు గలవని తెలియక ఇట్లు జరిగినదని అనుటకు వీలు లేదు. తెలిసిన సూత్రమును తెలిసిన లిపులకు మాత్రమే వర్తింపజేసి ఆగిపోయిరి.

మాటలుగా విడదీయుటలో మాత్రము చిన్న లైబ్రరీయే మేలైన ఘట్టమొకటి కలదు. "సాఫ్ట్‌వేర్" అను మాటలో ట్ తరువాత వ ఒత్తుగా మారకుండుటకై 8204 సంఖ్య గల కనపడని గుర్తు నొకదానిని ఉంచుదురు. లోడాష్‌లోని వర్డ్స్ ఆజ్ఞ 8192 నుండి 8303 వరకు గల గుర్తులన్నింటిని విరామ చిహ్నములుగా ఎంచును. కావున "సాఫ్ట్" ఒక మాట, "వేర్" ఇంకొక మాట అని చెప్పును. అండర్‌స్కోర్ స్ట్రింగ్ ఖాళీల వద్ద మాత్రమే విడదీయును గనుక ఈ మాటను చెరుపదు. కాని "రండి," అని వ్రాసినచో కామాను కూడ మాటతోనే ఉంచును. ఎక్కువ తెలివి గల పనిముట్టు ఎల్లప్పుడు ఎక్కువ సరియైనది కాదని దీనివలన తెలియును.

లైబ్రరీ పక్షమున ఒక వాదము

ఈ విమర్శకు ఒక సమాధానము చెప్పవచ్చును. "స్ట్రింగు అనునది సంఖ్యల వరుస. దానిని సంఖ్యలుగానే విడదీసితిమి. అక్షరములు మీ వ్యాకరణములోనివి, మా యంత్రములోనివి కావు" అని. ఈ వాదములో కొంత సత్యము కలదు. సెల్‌ఫోను సందేశమును చూడుడు. ఇంగ్లీషులో ఒక సందేశమునకు 160 గుర్తులు పట్టును, తెలుగులో 70 మాత్రమే. అంతకు మించినచో సందేశమును ముక్కలు చేసి పంపుదురు. అప్పుడు ఒక్కొక్క తెలుగు ముక్కలో 67 గుర్తులు ఉండును. ఇచట ముక్క గుణింతము నడుమ తెగినను నష్టము లేదు. ఏలయనగా చేరిన పిదప ఫోను వానిని మరల అతికి చూపును. మరల అతుకబోవు ముక్కలకు సంఖ్యల లెక్క చాలును.

కాని మనిషి కంటికి చూపబోవు ముక్కలకు అది చాలదు. పలుకు ముక్కలకు, లెక్కించు ముక్కలకు, త్రిప్పు ముక్కలకు అక్షరమే ప్రమాణము. చార్స్ అను పేరునకు అక్షరములనియే అర్థము. సంఖ్యలను ఇచ్చునపుడు సంఖ్యలని చెప్పవలెను. పనిలో కొరత ఉండవచ్చును, కాని పేరులో కొరతను దాచుట తగదు. నా విమర్శలో ముఖ్యాంశమిదే.

మందు ఎంతవరకు కలదు?

ఇప్పుడు జావాస్క్రిప్ట్‌లోనే సెగ్మెంటర్ అను సాధనము చేర్చబడినది. క్రోమ్ బ్రౌజరులో 2020లోను, సఫారీలో 2021లోను, ఫైర్‌ఫాక్స్‌లో 2024లోను ఇది ప్రవేశించినది. దీనికి ఏ లైబ్రరీయు అక్కరలేదు. ఇది యూనికోడ్ వారి అక్షర విభజన నియమములను అనుసరించును గనుక రావికమతమును రా, వి, క, మ, తం అని ఐదుగానే ఇచ్చును. ఈ సాధనముతో త్రిప్పినచో వికటకవి వికటకవిగానే ఉండును.

సంయుక్తాక్షరముల విషయమున మాత్రము ఆలస్యము జరిగినది. "కొత్తకోట" అను పేరు యంత్రములో ఎనిమిది సంఖ్యలు. మనకు కొ, త్త, కో, ట అని నాలుగక్షరములు. పాత నియమముల ప్రకారము పొల్లు వద్ద విరిచి, త్ ఒకటి, త ఒకటి అని మొత్తము ఐదు ముక్కలు చేసెడివారు. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 ప్రమాణములో తెలుగుతో కూడ ఆరు భారతీయ లిపులకు సంయుక్తాక్షరమును విరువరాదను నియమము చేరినది. పాత యంత్రములలో ఐదును, క్రొత్త యంత్రములలో నాలుగును వచ్చుట కిదియే కారణము.

ఈ భేదము చిన్నదిగా తోచవచ్చును. ఛందస్సు పాఠము చెప్పు ఉపాధ్యాయునకు ఇది చిన్నది కాదు. కొత్తకోటలో "కొ" హ్రస్వమేయైనను, దాని తరువాత "త్త" అను సంయుక్తాక్షరము ఉండుటచే గురువగును. కావున గురువు, లఘువు, గురువు, లఘువు అని వరుస వచ్చును. త్త ను త్, త అని విరిచి రెండక్షరములుగా లెక్కించు యంత్రము అక్షర సంఖ్యను తప్పును, సంయుక్తాక్షరము కనపడక కొ ను లఘువనును, గణము మారిపోవును. మన ఛందశ్శాస్త్రజ్ఞులు వందల యేండ్ల క్రిందటనే అక్షరమేదో నిర్ణయించి, దానిమీద గురులఘువులను, గణములను నిర్మించిరి. యంత్రశాస్త్రము ఆ నిర్ణయమునకు ఇప్పుడిప్పుడే దగ్గరకు వచ్చుచున్నది.

ఐనను పని పూర్తి కాలేదు. "సాఫ్ట్‌వేర్" చివరి ర్ వంటి పొల్లును ఛందస్సులో వెనుక అక్షరముతో చేర్చుదుము. సెగ్మెంటర్ దానిని వేరు ముక్కగా ఇచ్చును. సంధి మరింత లోతైన చిక్కు. "వాడెక్కడ" అను దానిలో వాడు, ఎక్కడ అను రెండు మాటలు కలవు. నడుమ ఖాళీ లేదు, కామా లేదు, పోయిన ఉకారమునకు జాడయు లేదు. విభాజక చిహ్నమును వెదకు ఏ లైబ్రరీకిని ఇది సాధ్యము కాదు. దీనికి వ్యాకరణము తెలిసిన ప్రోగ్రాము కావలెను, దానిని వ్రాయుటకు తెలుగు తెలిసిన ప్రోగ్రామరు కావలెను.

తీర్పు

అండర్‌స్కోర్ స్ట్రింగ్ పంక్తులకు, ఖాళీలతోను కామాలతోను వేరుచేసిన మాటలకు నమ్మదగిన పనిముట్టు. తెలుగు అక్షరములకు నమ్మదగినది కాదు. చార్స్, చాప్, రివర్స్, ప్రూన్ అను నాలుగు ఆజ్ఞలను తెలుగు వ్రాతపై వాడరాదు. లోడాష్ పెద్దదైనను అక్షరముల విషయమున దీనికంటె మెరుగు కాదు. రెండింటిలోను అక్షరముల పనికి సెగ్మెంటరును వాడుకొనుట మేలు.

ఉన్నత పాఠశాలలలో కంప్యూటరు పాఠము చెప్పు ఉపాధ్యాయులకు ఒక సూచన. స్ట్రింగుల పాఠము వచ్చినపుడు ప్రతి విద్యార్థిని తన ఊరి పేరు తెలుగులో వ్రాసి, అందలి అక్షరములను ముందు వ్రేళ్ళపై లెక్కింపుమనుడు. తరువాత స్ప్లిట్ ఆజ్ఞతో లెక్కింపుమనుడు. ఆపై సెగ్మెంటరుతో లెక్కింపుమనుడు. మేడివాడకు 4, 7, 4 వచ్చును. దొండపూడికి 4, 8, 4 వచ్చును. కల్యాణపులోవకు వ్రేళ్ళపై 6, స్ప్లిట్‌తో 11. సెగ్మెంటరు 6 అన్నచో ఆ బడిలోని యంత్రము క్రొత్త నియమమును ఎరుగును, 7 అన్నచో ఎరుగదు. ఖర్చు లేని ఈ ప్రయోగములో వ్యాకరణ పాఠమును గణిత పాఠమును ఒక్కచోట కలియును. యంత్రము చెప్పిన సంఖ్యకును తన వ్రేళ్ళు చెప్పిన సంఖ్యకును తేడా వచ్చినపుడు, విద్యార్థి తన వ్రేళ్ళను వెంటనే అనుమానింపరాదు. ఎవరు దేనిని లెక్కించుచున్నారు అని ముందు అడుగవలెను. ఆ ప్రశ్న అడుగ నేర్చిన విద్యార్థులలో నుండియే రేపు తెలుగు మాటను విరువని లైబ్రరీ వ్రాయువారు రావలెను.